స్లాబ్ గురించి రాసిన పిల్లాడు, తప్పు దిద్దిన నాయిన

ఈరోజు ఎపిసోడ్ కొంచెం పెద్దదే. అమీర్‌పేటలో మెట్రో ఎక్కి వినడం మొదలుపెడితే రాయదుర్గంలో దిగేసరికి ఇంకా మిగిలే ఉంటుంది. దిగాక నడుస్తూ వినండి. రోడ్డు దాటేటప్పుడు మాత్రం ఆపేయండి.

ముందు ఒక చిన్న పని. మీ ఇంట్లో బడికెళ్ళే పిల్లలు ఎవరైనా ఉంటే, మీ పిల్లలో, తమ్ముడో, అక్క కొడుకో, ఆ స్కూల్ వాట్సాప్ గ్రూప్ ఒకసారి తెరవండి. పైకి స్క్రోల్ చేసుకుంటూ పోండి. ఏం కనపడుతోంది? రేపు సెలవు. ఫీజుకి ఆఖరు తేదీ. శనివారం తెల్ల యూనిఫాం. బూట్లు పాలిష్ లేకపోతే లోపలికి రానివ్వం. ఇంక కింద, మనం టైప్ చేసే చోట, అడ్మిన్లు మాత్రమే మెసేజ్ పంపగలరు అని ఉంటుంది. మా అక్క కూతురు ఐదో తరగతి. దాని గ్రూప్‌లో ఏడాది మొత్తం వెతికాను. దాని పేరు ఒక్కసారి వచ్చింది, ఫీజు కట్టనివాళ్ళ జాబితాలో. అక్క కట్టింది అప్పటికే, అది వేరే కథ.

బడికీ ఇంటికీ మధ్య ఉన్న సంబంధం అంటే ఇదేనా అని నాకు అనిపించింది. ఈరోజు టాపిక్ అదే.

నా సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే నాకెందుకు ఈ బాధ అని మీకు అర్థం కాదు. మాది పాలమూరు వైపు. నాకు ఆరేళ్ళప్పుడు మా నాయిన కొండాపూర్ వచ్చాడు, ముందు మట్టిపనికి, తర్వాత ఒక అపార్ట్‌మెంట్‌లో వాచ్‌మన్‌గా. సెల్లార్‌లో జనరేటర్ పక్కన మాకొక గది. సైబర్ టవర్స్‌ని 1998 నవంబర్‌లో వాజ్‌పేయి వచ్చి ప్రారంభించారు కదా, ఆ తర్వాత మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి ఎట్లా పెరిగాయో మీకు ఫోటోల్లో తెలుసు. నాకు ఇసుక కుప్పల్లో తెలుసు. సర్కారు బడిలో చదివాను. మా నాయిన ఆ బడికి నాకు గుర్తున్నంతవరకు రెండుసార్లే వచ్చాడు. ఒకటి, నన్ను చేర్పించడానికి. రెండోది, నేను ఒకడి తల పగలగొట్టినప్పుడు, పిలిపిస్తే. ఆ రెండోసారి గేటు బయటే చెప్పులు విప్పి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. సారు మాట్లాడినంతసేపు తల ఊపాడు. ఒక్క మాట మాట్లాడలేదు. ఇంటికొచ్చాక కొట్టలేదు కూడా. "నన్ను బడికి పిలిపియ్యకు బిడ్డా" అన్నాడు, అంతే. ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం ఆ తర్వాత పదో తరగతి దాకా నేనే పెట్టాను.

అదన్నమాట. బడి పిలిచింది అంటే ఏదో తప్పు జరిగింది అని. చాలా ఇళ్ళల్లో ఇప్పటికీ అంతే.

ఇప్పుడు అసలు విషయం. మా ఆఫీసులో కొంతమందిమి శేరిలింగంపల్లి మండలంలో ఒక ప్రభుత్వ హైస్కూలుకి శనివారాలు వెళ్ళేవాళ్ళం. స్కూలు పేరు చెప్పను, ఎందుకో తర్వాత మీకే తెలుస్తుంది. మొదట్లో ఇంగ్లీషు చెప్తాం, కంప్యూటర్ చెప్తాం అని వెళ్ళాం. అందరూ అలాగే వెళ్తారు. అక్కడ సోషల్ చెప్పే టీచర్ ఒకావిడ ఉండేవారు. ఆవిడ ఒకరోజు అన్నారు, "మీరు చెప్పేది బాగానే ఉంది గానీ, నా క్లాసులో ముప్పై ఎనిమిది మంది ఉన్నారు. వీళ్ళ ఇళ్ళల్లో ఎవరు ఏం చేస్తారో నాకు తెలీదు. నేను ఇక్కడ ఏం చెప్తానో వాళ్ళకి తెలీదు. ఏమన్నా చేయగలరా?" అని.

మేం సాఫ్ట్‌వేర్ వాళ్ళం. మాకు ఏ రోగానికైనా ఒకటే మందు, యాప్. యాప్ చేద్దాం అన్నాం. ఆవిడ నవ్వి, ఇప్పటికే హాజరుకో యాప్, భోజనానికో యాప్ అంటూ తన ఫోన్ చూపించారు. సరే, యాప్ వద్దు, బ్లాగు పెడదాం అన్నాను నేను.

బ్లాగు అనగానే మీలో కొంతమంది నవ్వుతారని తెలుసు. పాత మాట. 2006 నుంచి ఒక నాలుగైదేళ్ళు తెలుగులో బ్లాగులు భలే నడిచాయి. టైప్ చేయడానికి లేఖిని, కొత్త టపాలన్నీ ఒకేచోట చూడటానికి కూడలి. అమెరికాలో ఉన్నవాళ్ళు, ఇక్కడ ఉన్నవాళ్ళు రాత్రంతా కూర్చుని రాసుకునేవాళ్ళు. తర్వాత ఫేస్‌బుక్ వచ్చింది, అందరూ అటు పోయారు. అయినా బడికి మాత్రం బ్లాగే సరిపోతుందని నా నమ్మకం. వాట్సాప్‌లో పెట్టింది రేపటికి కిందికి పోతుంది. బ్లాగులో పెట్టింది అక్కడే ఉంటుంది, వచ్చే ఏడాది ఎనిమిదో తరగతి వాళ్ళు కూడా చదువుతారు, ఊర్లో ఉన్న తాతకి లింక్ పంపొచ్చు. ఎవరి ఫోన్ నంబరూ ఎవరికీ కనపడదు. యూట్యూబ్ అయితే మన పిల్లాడి వీడియో అయిపోగానే పక్కన ఇంకేదో వస్తుంది, ఏం వస్తుందో మన చేతిలో ఉండదు. బ్లాగుకి డబ్బు ఖర్చు లేదు. గూగుల్ వాళ్ళ బ్లాగర్ ఇప్పటికీ ఉచితమే.

పెట్టాం. మొదటి రెండు నెలలు దారుణంగా ఫెయిలయ్యాం.

ఎందుకంటే మేం ఏం పెట్టామో వినండి. ఆగస్టు 15 జెండా వందనం ఫోటోలు. ముఖ్య అతిథికి శాలువా కప్పుతున్న ఫోటో. మొక్క నాటుతూ ఆరుగురు పెద్దవాళ్ళు ఒకే మొక్కని పట్టుకున్న ఫోటో. క్లాస్ ఫస్ట్ వచ్చిన ముగ్గురు పిల్లల ఫోటో. కింద ఇంగ్లీషులో నాలుగు లైన్లు, అవి కూడా నేను రాసినవి. లింక్ అందరి ఇళ్ళకీ పంపాం. వారం తర్వాత చూస్తే పదకొండు మంది చూశారు. అందులో ఏడుగురం మేమే. అంటే మేం చేసింది ఏంటంటే, అదే గోడ మీద నోటీసు బోర్డు తీసుకెళ్ళి ఇంటర్నెట్‌లో తగిలించాం. ఇంట్లో వాళ్ళకి అందులో వాళ్ళ పిల్ల లేదు, వాళ్ళ భాష లేదు. చూడటానికి కారణమే లేదు.

టీచరమ్మే దారి మార్చారు. పిల్లలకి ఒక హోంవర్క్ ఇచ్చారు. మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఏం పని చేస్తారో అడిగి, ఆ పని ఎలా చేస్తారో రాసుకు రండి. గొప్పగా రాయక్కర్లేదు, వాళ్ళు చెప్పినట్టు రాయండి. గమనించండి, ఏం పని చేస్తారు అని మాత్రమే కాదు, ఎలా చేస్తారు అని. ఈ 'ఎలా' అన్నది చాలా పెద్ద తేడా.

వచ్చినవి చదువుతుంటే మాకు కుర్చీలో కూర్చోబుద్ధి కాలేదు. మేం రోజూ ఎక్కే బిల్డింగ్‌లో హౌస్‌కీపింగ్ చేసే ఆవిడ కూతురు ఆ క్లాసులో ఉంది. గాజు తలుపు మీద చేతి ముద్రలు ఏ టైంకి ఎక్కువ పడతాయో రాసింది. టీ బ్రేక్ తర్వాతట. ఆ ముద్రల్లో నావి కూడా ఉంటాయి కదా. ఇంకొక పిల్ల వాళ్ళమ్మ ఇడ్లీ బండి గురించి రాసింది, చలికాలం పిండి పులవదు కాబట్టి గిన్నెని దుప్పటిలో చుట్టి పెడతారని. ఒక అబ్బాయి క్యాబ్ నడిపే వాళ్ళ నాన్న రాత్రి డ్యూటీ గురించి రాశాడు. పగలు పడుకుంటాడు కాబట్టి ఇంట్లో అందరం సైగలతో మాట్లాడుకుంటాం అని.

అందులో ఒకటి సెంట్రింగ్ పని గురించి. ఆ పిల్లాడి నాన్న సెంట్రింగ్ మేస్త్రి, వాళ్ళది శ్రీకాకుళం జిల్లా. కొత్తవాళ్ళ కోసం చెప్తున్నా, స్లాబ్ పోసే ముందు కింద జాకీలు నిలబెట్టి, పైన పలకలు పరిచి అచ్చు తయారుచేసే పనిని మన దగ్గర సెంట్రింగ్ అంటారు. బాగా రాశాడు. దాన్ని వాడి గొంతుతోనే చదివించి రికార్డు చేశాం. బ్లాగర్‌లో ఆడియో నేరుగా ఎక్కదు, అందుకని ఒక బొమ్మ మీద గొంతు పెట్టి వీడియోలాగా ఎక్కించాం. చదవడం రానివాళ్ళు, తెలుగు చదవలేని ఒడియా, హిందీ వాళ్ళు కూడా వినగలగాలని. లింక్‌తో పాటు ఆ ఆడియో కూడా ఇళ్ళకి పంపాం. తిరిగి మాట్లాడటానికి బడి పేరు మీద ఒక సిమ్ తీసుకున్నాం. టీచర్ సొంత నంబర్ ఇవ్వకూడదు, రాత్రి పదింటికి కూడా ఫోన్లు వస్తాయి. ఈ నంబర్ ఉన్న ఫోన్ బడి బీరువాలోనే ఉంటుంది, సాయంత్రం ఒక్కసారి చూస్తారు.

రెండోరోజు ఆ ఫోన్‌కి ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. వెనకాల మిక్సర్ తిరుగుతున్న చప్పుడు. నేను గుర్తున్నంతలో చెప్తున్నాను.

"మేడం గారూ, నమస్కారమండి. మావోడు రాసింది విన్నాను. బాగానే రాసాడు గానీ ఒక తప్పుందండి. స్లాబేసిన మూడో రోజుకి కింద జాకీలు తీసేస్తారని రాసాడు. అలా తీస్తే మనుషులు పోతారండి. తీసేది పక్క పలకలు. కింద జాకీలు వారం ఉండాలి, పెద్ద గదైతే రెండు వారాలు. పిల్లలు విని అదే నిజం అనుకుంటారు, కొంచెం మార్పించండి."

టీచరమ్మ ఆ మెసేజ్ క్లాసులో వినిపించారు. తర్వాత నేను చూశాను. భారత ప్రమాణాల సంస్థ కాంక్రీటు పనికి పెట్టిన నియమావళి ఒకటి ఉంది, ఐఎస్ 456, 2000 నాటిది. అందులో కూడా అంతే. గోడలు, స్తంభాల పక్క పలకలు ఒక రోజు లోపే తీయొచ్చు. స్లాబ్ కింద ఊతం మాత్రం నాలుగున్నర మీటర్ల దూరం వరకైతే 7 రోజులు, అంతకంటే ఎక్కువైతే 14 రోజులు ఉంచాలి. మామూలు సిమెంట్ అయితే కనీసం 7 రోజులు తడి ఆరకుండా చూడాలి, బూడిదలాంటివి కలిపిన సిమెంట్ అయితే 10 రోజులు. స్లాబ్ మీద మడులు కట్టి నీళ్ళు నిలబెట్టేది అందుకే. ఐదో తరగతితో చదువు ఆపేసిన మేస్త్రి నోటికి చెప్పిందీ, ఆ పుస్తకం చెప్పిందీ ఒకటే.

టపా మార్చాం. పాత తప్పు తీసేయలేదు, దాని కింద "మా నాన్న చెప్పిన సవరణ" అని ఆ పిల్లాడే రాశాడు. టీచరమ్మ ఆ మేస్త్రిని ఒకసారి బడికి రమ్మన్నారు. ఆయన వెంటనే రాలేదు. ఎలా వస్తాడు, ఒక పూట పోతే కూలి పోతుంది. వర్షం పడి పని ఆగిన ఒక మధ్యాహ్నం వచ్చాడు. గేటు బయట చెప్పులు విప్పబోయాడట. నేను అప్పుడు అక్కడ లేను, టీచరమ్మ చెప్పారు. నాకు ఆ మాట వినగానే ఇంకేం వినపడలేదు కాసేపు. ఆవిడ చెప్పులతోనే రమ్మని, క్లాసులోకి తీసుకెళ్ళి కుర్చీ వేశారట. కూర్చోలేదు. జేబులోంచి టేపు తీసి వరండా కొలిచి, దీనికి స్లాబ్ వేయాలంటే ఎన్ని జాకీలు పడతాయో పిల్లలతో లెక్క కట్టించాడు. ఆ పూట లెక్కల పీరియడ్ ఆయనదే.

అప్పటినుంచి బ్లాగు నడిచింది. మాకు పెద్ద తెలివి వచ్చిందని కాదు. అటునుంచి ఒక గొంతు వచ్చింది, దాన్ని బడి విన్నదని మిగతా ఇళ్ళకి తెలిసింది. అంతే జరిగింది.

ఇది మేం కనిపెట్టింది కూడా కాదు. నూరేళ్ళ కిందట ఫ్రాన్స్‌లో సెలెస్తాఁ ఫ్రెనే అని ఒక పల్లెటూరి బడి పంతులు ఉండేవాడు. మొదటి ప్రపంచయుద్ధంలో ఊపిరితిత్తికి దెబ్బ తగిలింది, ఎక్కువసేపు గొంతెత్తి పాఠం చెప్పలేడు. అందుకని పిల్లల్ని ఊర్లోకి తిప్పి, చూసినవి వాళ్ళతోనే రాయించేవాడు. 1924 ప్రాంతంలో ఒక చిన్న అచ్చుయంత్రం కొని క్లాసులో పెట్టాడు. పిల్లలే అక్షరాలు పేర్చి, వాళ్ళు రాసినవి అచ్చువేసి ఇళ్ళకి తీసుకెళ్ళేవాళ్ళు, దూరాన బ్రిటనీలో ఉన్న ఇంకో బడికి పంపేవాళ్ళు. ఆ బడి నుంచి వాళ్ళవి వచ్చేవి. ఇప్పుడు మన చేతిలో ఉన్న ఫోన్ ఆ అచ్చుయంత్రం కంటే వెయ్యి రెట్లు పెద్దది. కానీ మనం దాంతో ఫీజు గుర్తుచేస్తున్నాం.

మన గోడపత్రిక కూడా అదే కదా అని మీరు అడగొచ్చు. అదే. కాకపోతే గోడపత్రిక బడి గోడ మీద ఉంటుంది, అమ్మానాన్నలు ఆ గోడ దాకా రారు.

సరే, అన్నీ బాగానే జరిగాయి అని చెప్తే అబద్ధం చెప్పినట్టే. రెండు గొడవలయ్యాయి.

మొదటిది భోజనం. ఈ కారిడార్‌లో ఏ అమ్మనైనా అడగండి, పిల్లలు ఇంటికి రాగానే అడిగే మొదటి ప్రశ్న ఏంటని. తిన్నవా? ఏం పెట్టిన్రు? పొద్దున ఆరింటికే పనికి పోయే అమ్మకి మధ్యాహ్న భోజనం మీదే ధ్యాస. 2001 నవంబర్‌లో సుప్రీంకోర్టు వండిన భోజనం పెట్టాలని ఆదేశిస్తే, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003లో మొదలైన పథకం అది. కాబట్టి పిల్లలు రోజూ ఒక లైన్ రాయడం మొదలుపెట్టారు. ఈరోజు అన్నం, పప్పు, వంకాయ. ఈరోజు గుడ్డు. అన్ని టపాల్లోకీ ఎక్కువమంది విన్నది ఇదే. ఒక వారం గుడ్డు రాలేదు. పిల్లలు ఉన్నది ఉన్నట్టు రాశారు, "ఈరోజు గుడ్డు రాలేదు" అని. ఆ సాయంత్రమే హెడ్మాస్టర్ గారు భోజనం రాతలన్నీ తీసేయమన్నారు. ఆయన్ని నేను తిట్టను. పైనుంచి ఎవరో చూస్తే ముందు సమాధానం చెప్పాల్సింది ఆయనే. బిల్లులు ఆలస్యమైతే వంట చేసే అమ్మలకి కూడా ఇబ్బందే.

అప్పుడు నేను ఆయనకి స్కాట్లాండ్ కథ చెప్పాను. 2012లో అక్కడ మార్తా పేన్ అని తొమ్మిదేళ్ళ పిల్ల, నెవర్‌సెకండ్స్ అని ఒక బ్లాగు పెట్టింది. బడిలో పెట్టే భోజనం ఫోటో తీసి, ఎన్ని ముద్దలు వచ్చాయి, ఎంత బాగుంది అని మార్కులు వేసేది. అది పేపర్లకెక్కింది. జూన్‌లో అక్కడి స్థానిక కౌన్సిల్ ఫోటోలు తీయకూడదని నిషేధం పెట్టింది. లోకమంతా గోల చేస్తే ఒక్క రోజులో ఎత్తేసింది. ఆ గోలలోనే జనం ఆ పిల్ల బ్లాగు ద్వారా ఇచ్చిన విరాళాలు లక్ష పౌండ్లు దాటాయి, ఆ డబ్బు మేరీస్ మీల్స్ అనే సంస్థ ద్వారా ఆఫ్రికాలో మలావీ పిల్లల భోజనానికి పోయింది. హెడ్మాస్టర్ గారు అంతా విని, "అది స్కాట్లాండ్ బాబూ" అన్నారు. నిజమే, నా దగ్గర జవాబు లేదు.

చివరికి ఒక మధ్యేమార్గం దొరికింది. విద్యాహక్కు చట్టం, 2009 ప్రకారం ప్రభుత్వ బడికి ఒక యాజమాన్య కమిటీ ఉండాలి, అందులో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, సభ్యుల్లో సగం మంది ఆడవాళ్ళు ఉండాలి. చాలాచోట్ల అది సంతకాల పుస్తకంలో మాత్రమే ఉంటుంది. భోజనం సంగతి ఆ కమిటీలో ఉన్న ఇద్దరు అమ్మలకి అప్పజెప్పారు. పిల్లలు ఇంక గుడ్డు గురించి రాయరు, ఆ అమ్మలు వచ్చి తిని చూసి వాళ్ళే చెప్తారు. నాకు ఇది పూర్తిగా నచ్చలేదు, పిల్లల మాట పోయింది కదా. కానీ ఆ కమిటీ మీటింగుకి అమ్మలు నిజంగా రావడం ఆ బడిలో అప్పుడే మొదలైంది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 డిసెంబర్ 7న రాష్ట్రమంతా ఒకేరోజు పెద్ద ఎత్తున తల్లిదండ్రుల సమావేశాలు పెట్టారు. మంచిదే. కానీ పండగలా ఏడాదికోసారి పిలవడం వేరు, గుడ్డు సంగతి నువ్వే చూడమ్మా అనడం వేరు.

రెండో గొడవ మా తప్పే. పూర్తిగా మాది.

ఒక పిల్ల చక్కగా రాసింది. అమ్మ ఎనిమిదింటికి వస్తుంది, నాన్న ఊర్లో ఉంటాడు, అప్పటిదాకా నేనూ చెల్లీ ఇద్దరమే ఉంటాం, నేను అన్నం వండుతాను, ఫలానా గుడి వెనక సందులో మా గది అని. చదివి మేం కళ్ళు తుడుచుకున్నాం, పోస్ట్ చేసేశాం. పేరుతో, యూనిఫాంలో ఫోటోతో. మరుసటి రోజు వాళ్ళమ్మ పని మానుకుని పరిగెత్తుకుంటూ వచ్చింది. "మా పిల్లలు ఒక్కళ్ళే ఉంటరని ఊరంతా చెప్తరా సారూ?" అంది. ఆమెకి డేటా ప్రైవసీ అన్న మాట తెలియదు. మేం ఆఫీసులో ఏడాదికోసారి దాని మీద ట్రైనింగ్ తీసుకుని క్విజ్ రాసి సర్టిఫికెట్ తెచ్చుకునేవాళ్ళం. మాకు తట్టలేదు.

వెంటనే తీసేశాం. ఆ తర్వాత పిల్లల ముఖం లేదు, ఇంటి పేరు లేదు, ఇల్లు ఎక్కడో లేదు, ఎప్పుడు ఒంటరిగా ఉంటారో లేదు. చేతులు, బొమ్మలు, గొంతు చాలు. టపా బయటికి వెళ్ళే ముందు ఆ ఇంట్లో ఒకరికి వినిపించి సరే అనిపించుకోవాలి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం 18 నిండని వాళ్ళందరూ పిల్లలే, వాళ్ళ సమాచారం వాడుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలి. అడ్మిషన్ ఫారంలో చివరి పేజీలో చిన్న అక్షరాల్లో ఒక టిక్కు పెట్టించుకోవడాన్ని నేను అనుమతి అనను. ఆ అమ్మ వినాలి, విని వద్దు అనే వీలుండాలి. ఇద్దరు ముగ్గురు వద్దన్నారు కూడా. వాళ్ళ పిల్లలవి క్లాసులోనే చదివాం.

ఇప్పుడు మీలో ఒకరు అనుకుంటూ ఉంటారు, ఇదంతా సర్కారు బడి గురించి, మా పిల్లలది ఇంటర్నేషనల్ స్కూల్, రోజూ యాప్‌లో నలభై ఫోటోలు వస్తాయి అని. మా టీమ్‌లో ఒక అన్న ఉన్నాడు, నానక్‌రామ్‌గూడలో ఫ్లాట్, రాత్రి పదకొండు దాకా అమెరికా వాళ్ళతో కాల్స్. ఆయన కొడుకు ఉదయం ఏ బస్సెక్కాడు, ఎంత పాలు తాగాడు, ఏ వర్క్‌షీట్ చేశాడు అన్నీ నోటిఫికేషన్లు వస్తాయి. ఒకరోజు లంచ్‌లో మా బడి బ్లాగు చూపించాను. ఇడ్లీ పిండికి దుప్పటి చుట్టే టపా విన్నాడు. విని, "మావాడిని నా పనేంటి అని అడిగితే ల్యాప్‌టాప్ అంటాడు రా" అన్నాడు. ఆ వారాంతం ఇద్దరూ కూర్చుని, నాన్న ఆఫీసులో బగ్ ఎలా పట్టుకుంటాడు అని ఒక పేజీ రాశారట. స్కూల్‌కి పంపిస్తే, మా యాప్‌లో తల్లిదండ్రులు అప్‌లోడ్ చేసే ఆప్షన్ లేదండి అని జవాబు. సెల్లార్‌లో గది అయినా, ఇరవయ్యో అంతస్తులో ఫ్లాట్ అయినా, బడి నుంచి ఇంటికి పైపు ఉంది, ఇంటి నుంచి బడికి లేదు.

బ్లాగు ఏమైందని అడుగుతారు కదా. ఏడాదిన్నర నడిచింది. తర్వాత టీచరమ్మకి బదిలీ అయ్యింది. నేను ఉద్యోగం మారాను. బ్లాగు అకౌంట్ నా సొంత మెయిల్ మీద ఉండేది, ఇది నేను చేసిన ఇంకో తెలివితక్కువ పని. బడి పేరు మీద మెయిల్ తెరిచి, హెడ్మాస్టర్‌కి, ఇంకో ఇద్దరు టీచర్లకి పాస్‌వర్డ్ ఇచ్చి ఉండాల్సింది. మీలో ఎవరైనా శనివారం బడికి వెళ్ళేవాళ్ళుంటే మొదటి రోజే ఆ పని చేయండి. మనం వెళ్ళిపోతాం. బడి ఉంటుంది. ఇప్పుడు అప్పజెప్పాను, కొత్తగా వచ్చిన తెలుగు సారు మళ్ళీ మొదలుపెడతానన్నారు. చూడాలి.

మొన్న దసరాకి ఊరికి పోయినప్పుడు మా నాయినకి ఆ సెంట్రింగ్ మేస్త్రి వాయిస్ మెసేజ్ వినిపించాను. రెండుసార్లు పెట్టించుకుని విన్నాడు. "ఇట్ల అడిగేటోళ్ళు అప్పుడుంటే నేను గూడ చెప్తుంటి" అన్నాడు. ఏం చెప్తావు అంటే, నీళ్ళ ట్యాంకర్ రాత్రి ఏ టైంకి వస్తే ఏ సంపు ముందు నింపాలి, లిఫ్ట్ మధ్యలో ఆగితే లోపల ఉన్నవాళ్ళతో ఏం మాట్లాడుతూ ఉండాలి, ఇవన్నీ మొదలుపెట్టాడు. ఫోన్ పక్కన పెట్టి రికార్డు ఆన్ చేశాను. ఇరవై రెండు నిమిషాలు వచ్చింది. లిఫ్ట్ ముక్క ఒక్కటి ఈ వారం ఛానల్‌లో పెడుతున్నాను, నాయినకి వినిపించి అడిగాకే. సంపు సంగతి మాత్రం వద్దన్నాడు, అందులో అప్పటి అపార్ట్‌మెంట్ సెక్రటరీ పేరుంది.

ఉంటాను ఫ్రెండ్స్. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.